మూడు రాత్రుల బస

ప్రయాణానికి సంబంధించిన పాఠాలు చెప్పేటప్పుడు మేము మదర్సాలో నమాజును కుదించుకోవడం, ఉపవాసాన్ని వాయిదా వేసుకోవడం, ప్రయాణికుని దుఆ, సహప్రయాణికుల హక్కులు మొదలైన విషయాలను వివరంగా బోధిస్తాము. పరాయి నగరంలో రాత్రి బసకు గదిని ఎలా ఎంచుకోవాలన్నది ఆ పాఠాలలో ప్రత్యేకంగా ఉండదు. ఇరవై ఏడేళ్లుగా అవే పాఠాలు చెబుతున్న నేను, నిరుడు ఇస్తాంబుల్‌లో మూడు రాత్రులు గడిపి వచ్చిన తరువాత అది కూడా చెప్పవలసిన విషయమేనని గ్రహించాను. అక్కడ నేను చేసిన ఒక పొరపాటును దాచుకోకుండా చెబితే మరొకరి తల్లికో, అక్కకో ఇబ్బంది తప్పుతుందన్న ఆశతో ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

మా పెద్దక్కయ్యను ఇంటిల్లిపాదీ ఆపా అనే పిలుస్తాము. ఆమెకు అరవై ఎనిమిదేళ్లు. భర్త మరణించేనాటికి ఆమె కొడుకుకు ఆరేళ్లు. కర్నూలు పాత పట్టణంలో రాత్రింబవళ్లు కుట్టుమిషను తొక్కి ఆ బిడ్డను ఇంజనీరింగు చదివించారు. ఇప్పుడు అతడు దోహాలో మంచి ఉద్యోగంలో ఉన్నాడు. ఆపా మోకాళ్లు మాత్రం మునుపటిలా లేవు. నాలుగు మెట్లు ఎక్కితే ఐదవ మెట్టు మీద ఆగి గోడ పట్టుకుంటారు. నిరుడు మా మేనల్లుడు తల్లికి ఉమ్రా చేయించాడు, నన్ను కూడా వెంట తీసుకువెళ్లాడు. తిరుగు ప్రయాణంలో మూడు రోజులు ఇస్తాంబుల్‌లో ఆగుదామని అతని కోరిక. హజ్రత్ అబూ అయ్యూబ్ అన్సారీ (రజి) సమాధి ఉన్న నగరం కనుక ఆపా వెంటనే సమ్మతించారు.

ప్రయాణానికి రెండు నెలల ముందు అతడు నా ఫోనుకు కొన్ని చిత్రాలు పంపాడు. "మామూ, ఇవి చూడండి. అమ్మీని ఈ మూడు రోజులు మహారాణిలా ఉంచాలని ఉంది" అన్నాడు. అవి బాస్ఫరస్ జలసంధి ఒడ్డున ఉన్న చిరాగాన్ రాజప్రాసాదం చిత్రాలు. సుల్తాన్ అబ్దుల్ అజీజ్ 1860లలో కట్టించడం ప్రారంభించిన భవనమది. 1910 జనవరిలో అగ్నికి ఆహుతై, దశాబ్దాలపాటు మొండిగోడలతో నిలిచి, 1990ల ఆరంభంలో విలాసవంతమైన హోటలుగా మారింది.

ఆ పాలరాతి గోడలను చూస్తుంటే నాకు మరొక విషయం జ్ఞాపకం వచ్చింది. 1876లో కేవలం 93 రోజులు సింహాసనంపై ఉన్న సుల్తాన్ ఐదవ మురాద్‌ను పదవి నుండి దింపి, కుటుంబంతో సహా ఆ ప్రాసాదంలోనే నిర్బంధించారు. 1904లో మరణించేవరకు ఆయన జీవితం నిర్బంధంలోనే గడిచింది. ఆయన మునిమనుమరాలు మరెవరో కాదు, 1931లో ఏడవ నిజాము రెండవ కుమారుడు మొఅజ్జమ్ జాహ్‌ను వివాహమాడి హైదరాబాదుకు వచ్చిన నీలోఫర్ రాకుమారి. ఆమె పేరుతో ఉన్న ఆసుపత్రిలో నేటికీ మన పేద తల్లుల బిడ్డలు వైద్యం పొందుతున్నారు. ఒకనాడు ఆమె ముత్తాతకు చెరసాల అయిన భవనంలో నేడు ధనవంతులు డబ్బు చెల్లించి నిద్రపోతున్నారు.

మేనల్లుడు పంపిన రెండవ హోటలు కథ కూడా అటువంటిదే. అది పాత నగరంలో, సుల్తాన్ అహ్మద్ మస్జిద్‌కు, అయాసోఫియాకు నడక దూరంలో ఉంది. ఫోర్ సీజన్స్ సంస్థ 1996 నుండి నడుపుతున్న ఆ పసుపు రంగు భవనం 1910ల చివరలో కట్టిన కారాగారం. ప్రసిద్ధ తుర్కీ కవి నాజిమ్ హిక్మత్ కూడా అందులో ఖైదీగా ఉన్నాడు. భవనం ప్రక్కనున్న వీధి పేరు నేటికీ తెవ్‌కీఫ్‌హానె వీధి. మన ఉర్దూ పాఠకులకు అర్థం చెప్పనవసరం లేదు, అది తౌఖీఫ్‌ఖానా. మనుషులను ఆపి ఉంచే చోటు.

ఈ రెండింటిలో ఏదైనా సరే, ఒక రాత్రి బాడుగ నా రెండు నెలల జీతానికి మించి ఉంది. నేను మేనల్లుడిని గట్టిగా వారించాను. దుబారాను దివ్య ఖుర్‌ఆన్ ఎంత తీవ్రంగా ఖండించిందో గుర్తుచేశాను. "కళ్లు మూసుకుని నిద్రపోయే గదికి ఇంత సొమ్మా బేటా? ఈ డబ్బుతో ఒక పేద పిల్ల పెళ్లి జరుగుతుంది" అన్నాను. అదే దివ్యగ్రంథం పిసినారితనాన్ని కూడా ఖండించి, ఆ రెండింటి నడుమ నిలిచేవారిని మెచ్చుకున్నదన్న సంగతి ఆ క్షణంలో నాకు తోచలేదు. అతడు పెద్దల మాటకు ఎదురు చెప్పే పిల్లవాడు కాదు. "అయితే మీరే చూసి చెప్పండి మామూ" అన్నాడు.

నేనే చూశాను. సుల్తాన్ అహ్మద్ మస్జిద్ క్రింది వీధులలో, ఒక పాత ఇంటిని బాగుచేసి హోటలుగా మార్చిన చోటు నచ్చింది. ఖరీదు తక్కువ, మస్జిద్ దగ్గర, లిఫ్టు ఉందని వ్రాసి ఉంది. ముందుగా మొత్తం చెల్లిస్తే మరికొంత తగ్గింపు ఉంటుందని, కాని రద్దు చేసుకుంటే డబ్బు తిరిగి రాదని కూడా వ్రాసి ఉంది. రద్దు చేసుకోవలసిన అవసరం ఏముంటుందిలే అనుకున్నాను. మూడు రాత్రులకు సొమ్ము కట్టించాను. నా సలహా వల్ల మిగిలిన డబ్బు ఎంతో లెక్కవేసుకుని సంతోషించాను కూడా.

ఇస్తాంబుల్ కొండల మీద వెలసిన నగరం. సుల్తాన్ అహ్మద్ మైదానం నుండి మర్మరా సముద్రం వైపు వీధులు వాలుగా దిగిపోతాయి. పటంలో ఐదు నిమిషాల నడకగా కనిపించిన దారి, రాళ్లు పరిచిన ఏటవాలు దారి. దిగేటప్పుడే ఆపా మూడుసార్లు ఆగారు. మళ్లీ ఎక్కడం ఎలాగా అన్న ఆలోచన ఆమె ముఖంలో కనిపించింది. హోటలు వాకిట ఏడు మెట్లు ఉన్నాయి. లోపల మరి పదకొండు మెట్లు ఎక్కితే గాని లిఫ్టు రాదు. అది అబద్ధమని కూడా అనలేము. లిఫ్టు ఉందని మాత్రమే వారు వ్రాశారు, ఎక్కడి నుండి ఉందో నేను అడగలేదు. గదిలోని స్నానాలగదిలో మోకాలెత్తు గట్టు ఉన్న తొట్టి ఉంది. వుజూ చేయాలన్నా, స్నానం చేయాలన్నా ఆపాకు అది దాటడం సాధ్యం కాలేదు. మగ్గుతో నీళ్లు పట్టుకుని ఎలాగో వుజూ ముగించారు.

ఆ రాత్రి ఆపా అలవాటు కొద్దీ పడమటి గోడవైపు జానమాజ్ పరిచారు. మనకు ఖిబ్లా పడమట కదా. ఇస్తాంబుల్‌లో అది ఆగ్నేయానికి, దక్షిణానికి నడుమ ఉంటుందని చెప్పి జానమాజ్‌ను నేనే త్రిప్పి వేశాను. ఆమె కుర్చీలో కూర్చుని నమాజు చేశారు. తెల్లవారుజామున సుల్తాన్ అహ్మద్ మస్జిద్ ఆరు మినార్ల నుండి అజాన్ వినిపించింది. ఎదురుగా ఉన్న అయాసోఫియా నుండి కూడా అజాన్ వచ్చింది. 2020 నుండి అక్కడ మళ్లీ నమాజు జరుగుతున్నది. నేను, మేనల్లుడు ఫజ్ర్‌కు వెళ్లాము. ఎన్నో ఏళ్లుగా ఆ మస్జిద్‌ను చూడాలని కలలుగన్న ఆపా మాత్రం, పది నిమిషాల దూరంలో ఉండి కూడా, గదిలోనే ఉండిపోయారు. మస్జిద్ దగ్గరగా ఉందన్న కారణంతోనే ఆ హోటలును ఎంచుకున్నవాడిని నేను. ఆ దగ్గరతనం నా కాళ్లకే పరిమితమైంది.

మరునాడు టాక్సీలో అయ్యూబ్ సుల్తాన్ ప్రాంతానికి వెళ్లాము. వృద్ధాప్యంలో ఈ నగరంపైకి వచ్చిన సైన్యంతో పాటు వచ్చి, ఇక్కడే కన్నుమూసిన మహనీయుడు అబూ అయ్యూబ్ (రజి). 1453లో నగరం సుల్తాన్ ముహమ్మద్ ఫాతిహ్ వశమైన కొద్ది సంవత్సరాలకే ఆయన సమాధి వద్ద మస్జిద్ వెలసింది. ప్రాంగణంలోని పెద్ద చెట్టు క్రింద బల్ల మీద ఆపాను కూర్చోబెట్టాము. "తమ్ముడూ, మదీనాలో ఈయన ఇంట్లోనే కదా ప్రవక్త (స) దిగింది, ఆ సంగతి చెప్పు" అన్నారు.

ఎన్నోసార్లు పిల్లలకు చెప్పిన కథనమే. హిజ్రత్ చేసి మదీనా చేరిన దైవప్రవక్త (స) కొన్ని నెలలపాటు అబూ అయ్యూబ్ (రజి) ఇంట అతిథిగా ఉన్నారు. అది రెండంతస్తుల ఇల్లు. తనను చూడవచ్చే వారికి సౌకర్యంగా ఉంటుందని ప్రవక్త (స) క్రింది అంతస్తును కోరుకున్నారు. కాని ఆయన తలపైన తాము తిరుగాడటం ఆ దంపతులకు మనసొప్పలేదు. ఒక రాత్రి పైన నీళ్ల కుండ పగిలింది. నీరు కారి క్రిందనున్న అతిథికి ఇబ్బంది కలుగుతుందేమోనని, తమకున్న ఒకే ఒక్క దుప్పటితో ఆ నీటిని ఒత్తి తీశారు. చివరకు వారి వేడికోలు మన్నించి ప్రవక్త (స) పై అంతస్తుకు మారారు.

ఆపా అంతా విని, "అతిథిని ఏ అంతస్తులో ఉంచాలా అని ఎంత మథనపడ్డారో పాపం, ఎంత మంచివాళ్లో!" అన్నారు. మాటల మధ్య రెండు చేతులతో మోకాళ్లు ఒత్తుకుంటున్నారు. ఆమె నన్ను నిందించలేదు. నిందించాలన్న తలంపు కూడా ఆమెకు లేదు. కాని నేను చెప్పిన పాఠం నాకే తగిలింది. ఆ కథనంలో ఆతిథ్యం అంటే అంతస్తు గురించిన ఆలోచన, మెట్ల గురించిన ఆలోచన, పైకప్పు నుండి కారే నీటి గురించిన ఆలోచన. దానిని ఏళ్ల తరబడి బోధించిన నేను, సొంత అక్క విషయంలో మెట్లు ఎన్ని అని కూడా అడగలేదు. నేను పొదుపు అనుకున్న దాని ఖరీదును ఆమె మోకాళ్లు చెల్లించాయి.

మేనల్లుడిని ప్రక్కకు పిలిచి, "బేటా, నా వల్ల పొరపాటు జరిగింది. నీకు తోచిన మంచి హోటలుకు అమ్మీని ఈ సాయంత్రమే మార్చు" అన్నాను. అతడు నా మొహం చూసి ఏమీ అడగలేదు. ఆ సాయంత్రమే పాత నగరంలో, ట్రాము దారికి ప్రక్కన, చదునైన నేలమీద ఉన్న ఒక పెద్ద హోటలుకు మారాము. మొదటి హోటలులో మిగిలిన రెండు రాత్రుల డబ్బు తిరిగి రాలేదు. ఎవరూ నిద్రించని గదికి రెండు రాత్రుల బాడుగ కట్టాము. దుబారా గురించి అంత చెప్పిన నా చేతుల మీదుగా జరిగిన అసలైన దుబారా అదే.

క్రొత్త హోటలు ఖరీదైనదే. మూడు రాత్రుల బసకు ఏ సౌకర్యానికి డబ్బు పెట్టవచ్చో, దేనికి అనవసరమో అక్కడ ఉన్న రెండు రోజులలో నాకు కొంత తెలిసింది. వాకిట మెట్లు లేవు. లిఫ్టు నేలమట్టం నుండే ఉంది. స్నానాలగదిలో గట్టు లేదు, గోడకు పట్టుకునే కమ్మీ ఉంది, కూర్చుని స్నానం చేయడానికి చిన్న పీట అడిగితే తెచ్చి ఇచ్చారు. ఆపా ఎవరి సాయమూ లేకుండా వుజూ చేసుకున్నారు. ఆ రాత్రి ఆమె మూలుగు వినిపించలేదు. మరునాడు ఫజ్ర్‌కు ముందే సిద్ధమై నా తలుపు తట్టారు. సుల్తాన్ అహ్మద్ మస్జిద్‌లో స్త్రీల భాగం నుండి బయటకు వచ్చినప్పుడు ఆమె ముఖంలో కనిపించిన కాంతికి నేను వెల కట్టలేను.

ఇక అనవసరమైనవి కూడా అక్కడ చాలా ఉన్నాయి. సముద్రం కనిపించే గదికి అదనంగా ఎంతో తీసుకుంటారు. ఎమినోను రేవు నుండి ఉస్కుదార్‌కు వెళ్లే మామూలు పడవ ఎక్కితే, నగరవాసులు ఇచ్చే టిక్కెట్టు ధరకే ఆ సముద్రం, ఆ మినార్లు, ఆ పక్షులు ఇరవై నిమిషాలపాటు కళ్ల ముందుంటాయి. ఉస్కుదార్ ప్రాంతం దుర్రెషెహ్‌వార్ రాకుమారి పుట్టినచోటు. చివరి ఖలీఫా కుమార్తె అయిన ఆమె కూడా హైదరాబాదు కోడలే అని చెబితే ఆపా ఆ ఒడ్డును మరింత శ్రద్ధగా చూశారు. ఈతకొలను, మర్దన గదులు, రాత్రివేళ గదికే వచ్చే భోజనం మొదలైనవాటిని మేము వాడుకోనే లేదు. పగలంతా నగరంలో ఉండేవారికి వాటితో పనేముంది? గదిలోని చిన్న ఫ్రిజ్‌లో ఉన్న మద్యం సీసాలను తీసివేయమని అడిగితే వెంటనే మర్యాదగా తీసివేశారు. ముస్లిం దేశం కదా అని నిశ్చింతగా ఉండకూడదు. అన్ని దేశాలవారు దిగే పెద్ద హోటళ్లలో ఆహారం గురించి ఒక మాట అడిగి తెలుసుకోవడమే మేలు.

మూడవ రోజు సులైమానియా మస్జిద్‌కు వెళ్లాము. వాస్తుశిల్పి సినాన్ 1550 నుండి 1557 వరకు కట్టిన ఆ సముదాయంలో మస్జిద్ ఒక్కటే లేదు. చుట్టూ మదర్సాలు, ఆసుపత్రి, పేదలకు అన్నం పెట్టే వంటశాల, ప్రయాణికుల కోసం అతిథిగృహం, వారి గుర్రాలకు, ఒంటెలకు చోటు కూడా ఉండేవి. ఉస్మానీ కాలపు ఇటువంటి అతిథిగృహాలలో బాటసారి మూడు రోజులు డబ్బు చెల్లించకుండా ఉండవచ్చు. అతనికి భోజనం కూడా పెట్టేవారు. గ్రామాలు, దుకాణాలు, స్నానశాలల ఆదాయాన్ని వక్ఫ్ చేసి ఆ ఖర్చు భరించేవారు. ఆతిథ్యం మూడు దినాలని, ఆపైన చేసేది దానమని ప్రవక్త (స) ఇచ్చిన బోధ అక్కడ రాతి గోడలుగా నిలిచింది. మేము ఆ నగరంలో ఉన్నవి కూడా మూడు రోజులే. పూర్వం మూడు రోజుల సుఖానికి ఎవరో సంపన్నుడు బాటసారి తరఫున చెల్లించేవాడు. ఇప్పుడు ఎవరి బిల్లు వారిదే. కాలం మారిందని బాధపడి లాభం లేదు. కాని ఆ సుల్తానులు కూడా అలసిన మనిషి కోసమే అంత సొమ్ము వెచ్చించారన్న విషయం నన్ను ఆలోచింపజేసింది. ఖర్చు పెద్దదా చిన్నదా అన్నదానికి ముందు, అది ఎవరి అలసట తీర్చడానికి అన్నది చూడాలి.

వృద్ధులైన తల్లిదండ్రులను వెంటబెట్టుకుని ఇటువంటి చిన్న ప్రయాణం చేయదలచిన పాఠకులు గది తీసుకోకముందు కొన్ని విషయాలు ఫోనులో అడిగి తెలుసుకోవాలని నా విన్నపం. వీధి నుండి గది తలుపు వరకు మొత్తం ఎన్ని మెట్లు? లిఫ్టు నేలమట్టం నుండే ఉందా? హోటలు ముందున్న వీధి చదునుగా ఉందా, ఏటవాలుగా ఉందా? స్నానాలగదిలో తొట్టి ఉందా, గట్టులేని చోటు ఉందా? మరుగుదొడ్డిలో శుభ్రతకు నీటి వసతి ఉందా? విమానం ఉదయమే దిగితే గది వెంటనే ఇస్తారా, మధ్యాహ్నం వరకు ఆగాలా? మూడే రోజులు ఉండేవారికి ఆ సగం రోజు కూడా ముఖ్యమే. చెప్పిన ధరలో పన్ను, ఉదయపు ఫలహారం కలిసి ఉన్నాయా? అన్నింటికంటే ముఖ్యంగా, అవసరమైతే రద్దు చేసుకునే వీలు ఉందా? ఆ వీలు కోసం కొంచెం ఎక్కువ చెల్లించడం నష్టం కాదు. ఈ ప్రశ్నలకు సంతృప్తికరమైన జవాబు ఇచ్చిన హోటలు తక్కువ ఖరీదుదైతే అల్‌హమ్దులిల్లాహ్. ఖరీదుదే అయితే, స్తోమత ఉన్న బిడ్డ తల్లి కోసం వెనుకాడనవసరం లేదు. గోడల మీది బంగారు పూత కోసం, ఊరిలో చెప్పుకోవడానికి, ఫోటో తీసి పదిమందికి పంపడానికి అయితే మాత్రం మొదటి రూపాయి నుండీ అది దుబారాయే.

చివరి రాత్రి ఆపా కొడుకును గది ఖరీదు అడిగారు. అతడు తటపటాయించి సగం చెప్పాడు. తరువాత నావైపు చూశాడు. నేను తల దించుకున్నాను. ఆపా నవ్వి, "మీ మామూ అబద్ధానికి సాక్ష్యం చెప్పడు. ఉన్నమాట చెప్పు" అన్నారు. చెప్పాడు. ఆమె కొంతసేపు మౌనంగా ఉన్నారు. లోపల ఏ లెక్క వేసుకున్నారో, ఎన్ని జాకెట్లు కుడితే అంత సొమ్మవుతుందని అనుకున్నారో నాకు తెలియదు. తరువాత కొడుకు తలమీద చేయి పెట్టి, "నా మోకాళ్ల కోసం పెట్టావు, అల్లాహ్ నీకు బరకత్ ఇవ్వాలి. ఇంటికి వెళ్లాక ఒక రాత్రి బాడుగ ఎంతో అంత సొమ్ము, నాలాంటి మరొకరి మోకాళ్ల కోసం పెట్టు" అన్నారు.

మా మదర్సాలో అతిథుల గది మేడమీద ఉండేది. పిల్లలను చూసుకోవడానికి పల్లెల నుండి వచ్చే వృద్ధులు, నాయనమ్మలు, తాతలు, ఇరుకైన మెట్లు పట్టుకుని పైకి వెళ్లేవారు. ఇన్నేళ్లలో అది నా కంటికి ఆనలేదు. తిరిగి వచ్చిన నెలలోపే నేను కూర్చునే గదిని పైకి మార్చి, అతిథుల గదిని క్రిందికి దింపాము. మేనల్లుడు పంపిన సొమ్ముతో దానికి ఆనుకుని గట్టులేని స్నానాలగది, గోడకు ఇనుప కమ్మీ, వుజూ చేసుకోవడానికి కూర్చునే రాతి పీట ఏర్పాటు చేశాము. ఇప్పుడు రోజుకు ఎన్నోసార్లు ఆ మెట్లు ఎక్కి దిగుతున్నది నేను.